నడుముకు కట్టుకున్న నమ్మకం

ప్రాణభయం ఉందన్న మనిషికి మన సీమలో మొదట దొరికే సలహా ‘లైసెన్సు తీసుకో’ అన్నదే. ఏ లైసెన్సో విడమరిచి చెప్పనక్కర్లేదు. తిరుపతిలో భూముల వ్యాపారం చేసేవాళ్లయినా, చిత్తూరు వైపు క్వారీల యజమానులయినా, మండల స్థాయి దాటిన రాజకీయ నాయకులయినా దరఖాస్తులో రాసే కారణం ‘ఆత్మరక్షణ’ అనే ఒక్క మాటే. పోలీసు విచారణలు, సంతకాలు, నెలల తరబడి తిరగడం అన్నీ అయ్యాక చేతికి వచ్చేది చాలావరకు .32 బోరు రివాల్వరో పిస్టలో. ఈ చిన్న తుపాకి గురించి రెండు వాదాలు వినిపిస్తాయి. అది నడుముకు ఉంటే చాలు, ఎవడూ దగ్గరికి రాడు అంటారు కొందరు. అది బొమ్మ, పోలీసుల దగ్గరుండే 9 ఎం.ఎం. మనకూ ఇవ్వాలి అంటారు ఇంకొందరు. పైకి ఈ రెండూ కొట్టుకుంటున్నట్టు కనిపించినా, కత్తి పట్టుకుని వచ్చేవాడికీ మనకూ మధ్య నిలబడేది తుపాకి అన్న నమ్మకం రెండింటికీ ఒక్కటే. ఆ నమ్మకమే తప్పని నా వాదన. .32 తుపాకి ఆత్మరక్షణకు పనికిరాదు. అందుకు గుండు చిన్నది కావడం ఒక కారణం మాత్రమే. మన దగ్గర చావు వచ్చే తీరు అంతకంటే పెద్ద కారణం.

ముందు గుండు సంగతి చూద్దాం. 1959 నాటి ఆయుధాల చట్టం కింద తుపాకులు నిషిద్ధ బోరు, నిషేధం లేని బోరు అని రెండు రకాలు. సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం., .38 లాంటివి సామాన్యుడికి అందవు. మిగిలిన చేతి తుపాకుల్లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు తయారుచేసి అమ్మేది ప్రధానంగా .32. ఇందులో రివాల్వరుకు వాడే తూటా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రూపుదిద్దుకున్నది. గుండు బరువు ఆరు గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు సుమారు 210 మీటర్లు. అది మోసుకెళ్లే శక్తి 150 జౌళ్ల దగ్గర ఉంటుంది. 9 ఎం.ఎం. తూటాకు అది 500 జౌళ్ల దరిదాపుల్లో ఉంటుంది. గొట్టం పొట్టిదయ్యే కొద్దీ, అంటే జేబులో దాచుకోవడానికి వీలయ్యే కొద్దీ, ఆ 150 కూడా తగ్గుతుంది. ఈ తూటాకు ఒక మంచి గుణం ఉంది. వెనక్కి తన్నడం తక్కువ కాబట్టి గురి బాగా కుదురుతుంది. అంతర్జాతీయ షూటింగ్ పోటీల్లో 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ విభాగంలో ఇదే .32 తూటాను ఈనాటికీ వాడతారు. కదలని కాగితం మీద అది గొప్ప తూటా.

దీనికి వెంటనే వచ్చే జవాబు, చిన్న గుండు తగిలినా మనిషి చస్తాడు కదా అని. చస్తాడు, నిజమే. అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని 1901 సెప్టెంబరు 6న కాల్చింది .32 రివాల్వరుతోనే. కానీ ఆయన చనిపోయింది సెప్టెంబరు 14న. 1981 మార్చి 30న రీగన్ మీద పేలింది .22 రివాల్వర్, అంటే ఇంకా చిన్నది. ఊపిరితిత్తిలో గుండు దిగినా ఆ సంగతి ఆయనకు వెంటనే తెలియలేదు. కారు దిగి తన కాళ్ల మీద నడిచి ఆసుపత్రిలోకి వెళ్లి, ఆ తర్వాత కూలబడ్డాడు. అదే తుపాకి నుంచి వచ్చిన మరో గుండు ఆయన పత్రికా కార్యదర్శి బ్రాడీ తలకు తగిలి అతన్ని అక్కడికక్కడే పడేసి, జీవితాంతం వికలాంగుణ్ణి చేసింది. చంపడం వేరు, ఆపడం వేరు అన్నది ఇక్కడే తేలిపోతుంది. హంతకుడికి ఎదుటి మనిషి చస్తే చాలు, ఆ రాత్రికి చచ్చినా వారానికి చచ్చినా అతని పని అయినట్టే. ఆత్మరక్షణ చేసుకునేవాడికి అలా కుదరదు. తన మీదికి లేచిన చెయ్యి ఆ క్షణంలోనే ఆగాలి. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప ఏ చేతి తుపాకి గుండూ మనిషిని తక్షణం ఆపుతుందన్న హామీ లేదు. అమెరికా ఎఫ్‌బీఐ 1989లో తెచ్చిన నివేదిక, గుండెకాయ పూర్తిగా ఛిద్రమైనా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో మనిషి పది పదిహేను సెకన్లు కదలగలడని చెప్పింది. వేటకొడవలి పట్టినవాడికి పది సెకన్లు దొరికితే ఏం జరుగుతుందో రాయలసీమ వాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేదు.

మరి ఆ తుపాకి తీసేందుకు సమయమైనా ఉంటుందా? చిత్తూరు నగరం దీనికి జవాబు చూసింది. 2015 నవంబరు 17న పట్టపగలు, నగరపాలక సంస్థ కార్యాలయంలో, మేయర్ కఠారి అనురాధను ఆమె సొంత ఛాంబర్లో దగ్గర నుంచి కాల్చి చంపారు. వచ్చినవాళ్లలో బురఖాలు వేసుకున్నవాళ్లున్నారు. భర్త కఠారి మోహన్‌ను అదే కార్యాలయంలో వెంటాడి నరికారు. వేలూరు ఆసుపత్రికి తరలించినా ఆయన దక్కలేదు. మొదటి ముద్దాయి మోహన్‌కు స్వయానా మేనల్లుడు. ‘ఆ రోజు చేతిలో పిస్టల్ ఉండి ఉంటే’ అనేవాళ్లు ఆ గదిని ఒక్కసారి ఊహించుకోవాలి. అర్జీలు పట్టుకుని జనం వచ్చిపోయే చోటు అది. బురఖాతో లోపలికి వచ్చిన మనిషిని చూసి ఏ మేయరూ సొరుగులో చెయ్యి పెట్టదు, పెట్టకూడదు కూడా. వచ్చినవాడు శత్రువని తెలిసే క్షణమూ తుపాకి పేలే క్షణమూ ఒక్కటే అయినప్పుడు, సొరుగులో ఉన్నది .32 అయినా .45 అయినా తేడా లేదు. సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ ట్యూలర్ 1983లో రాసిన వ్యాసాన్ని పోలీసు శిక్షణల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు సెకనున్నరలో దాటేస్తాడని, పైకి కనిపించే ఒరలో తుపాకి ఉన్న శిక్షణ పొందిన పోలీసుకే ఆ సమయం చాలీ చాలనిదని అతను చూపించాడు. మన లైసెన్సుదారు తుపాకి చొక్కా కిందో, కారు డ్యాష్‌బోర్డులోనో, ఇంట్లో బీరువాలోనో ఉంటుంది. మన గదులు 21 అడుగుల పొడవు ఉండవు.

అది ఒక్క చిత్తూరు సంగతి కాదు. 2005 జనవరి 24న అనంతపురంలో తెలుగుదేశం నాయకుడు పరిటాల రవి హత్య జరిగింది తన పార్టీ కార్యాలయంలోనే, చుట్టూ మనుషులుండగానే. ఆయనకు ఆయుధాలు కొత్త కావు. 2011 జనవరి 3న హైదరాబాదులో రవి ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి చనిపోయింది సొంత కారులో, దగ్గర నుంచి పేలిన తూటాకు. ఆ కేసులో శిక్ష పడింది ఏళ్ల తరబడి ఆయన వెంట తిరిగిన అనుచరుడికి. ఈ మూడు హత్యల్లోనూ ఒకే పద్ధతి కనిపిస్తుంది. వచ్చినవాడు బంధువు, అనుచరుడు, లేదా లోపలికి రావడానికి ఎవరూ అడ్డు చెప్పని మనిషి. చోటునూ సమయాన్నీ అతనే ఎంచుకున్నాడు. ఎదుటివాడి దగ్గర ఏముందో, గన్‌మన్ ఎక్కడ నిలబడతాడో అతనికి ముందే తెలుసు. ఆత్మరక్షణ తుపాకికి ఒక షరతు ఉంది, అవతలివాడు శత్రువుగా కనిపిస్తూ, కొంత దూరం నుంచి, కొంత నెమ్మదిగా రావాలి. మన కక్షల చరిత్రలో అలా వచ్చినవాళ్లు అరుదు.

భయం పుట్టిస్తుంది కదా అన్నది తర్వాతి అభ్యంతరం. తుపాకి పేలనక్కర్లేదు, ఉందని తెలిస్తే చాలు అంటారు. ఇందులో కొంత నిజముంది, దాన్ని కాదనను. ఒంటరి ఇంట్లో గొళ్లెం పీకుతున్న చిల్లర దొంగ తుపాకి మాట విని పారిపోవచ్చు. కానీ కుక్క మొరిగినా, లైటు వెలిగినా, పక్కింటివాళ్లు అరిచినా అతను పారిపోతాడు. లైసెన్సు తీసుకునేవాళ్లు భయపడుతున్నది అతనికి కాదు, కక్ష గట్టి, కాపు కాసి వచ్చేవాడికి. అలాంటివాడు తుపాకి ఉందని తెలిస్తే ఆగడు, పద్ధతి మార్చుకుంటాడు. ఒకడు రావాల్సిన చోట ఆరుగురు వస్తారు, ఎదురుగా రావాల్సినవాడు వెనక నుంచి వస్తాడు, కత్తి తేవాల్సినవాడు నాటు బాంబు తెస్తాడు. సీమలో కత్తుల కాలం పోయి బాంబుల కాలం, ఆ తర్వాత తుపాకుల కాలం వచ్చింది ఇలాగే. అవతలివాడి దగ్గరున్న దానికంటే ఒక మెట్టు పైది సంపాదించాలని ఇద్దరూ పరుగెత్తారు. ఆ పరుగులో ఎవరి ఇల్లూ క్షేమంగా మిగల్లేదు. పైగా ఈ భయపెట్టే తుపాకి అవసరమైన రోజుల్లో దగ్గర ఉండదు కూడా. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులను సాధారణంగా పోలీస్ స్టేషన్లో అప్పగించమంటారు. ఓట్ల లెక్కింపు ముగిసే దాకా అవి అక్కడే ఉంటాయి. పల్లెల్లో కక్షలు రాజుకునే రోజులు కూడా అవే. అప్పగించమనడం సరైనదే, లేకపోతే ఇంకెన్ని ప్రాణాలు పోతాయో. అయితే ప్రమాదం పెరిగిన వారాల్లో స్టేషన్ బీరువాలో ఉండేదాన్ని పట్టుకుని నా ప్రాణానికి ఇదే అడ్డు అనుకోవడం ఎలా కుదురుతుంది?

పెద్ద తుపాకి కావాలనే రెండో వర్గం వాదనను ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే నేను పైన చెప్పిన లెక్కలనే వాళ్లు తమకు అనుకూలంగా వాడుకుంటారు. గుండు చిన్నది కాబట్టి ఆపదు, కాబట్టి పెద్దది ఇవ్వండి అంటారు. ఈ దారిలో నడిచి చూసినవాళ్లున్నారు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదారులతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఒక దోపిడీదారుకు మొదట్లోనే ప్రాణాంతకమైన గాయం తగిలినా అతను నిమిషాల పాటు కాలుస్తూనే ఉన్నాడు. తప్పంతా తూటాదేనని ఆ సంస్థ 9 ఎం.ఎం. వదిలి పెద్ద తూటాల వైపు వెళ్లింది. మూడు దశాబ్దాలు తిరగకుండానే మళ్లీ 9 ఎం.ఎం.కే వచ్చింది. పెద్ద తూటా ఎక్కువగా తన్ని గురి చెడగొడుతోందని, మేలైన 9 ఎం.ఎం. తూటా చేసే గాయానికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదని ఒప్పుకుంది. అన్నిటికంటే ముఖ్యం గుండు తగలడం. న్యూయార్క్ పోలీసుల కాల్పులను రాండ్ సంస్థ 2008లో విశ్లేషిస్తే, ఎదుటివాడు కాల్చనప్పుడు పోలీసులు కాల్చిన గుళ్లలో తగిలినవి 30 శాతం, ఎదుటివాడూ కాల్చినప్పుడు 18 శాతమని తేలింది. వాళ్లు జీతం తీసుకుని సాధన చేసేవాళ్లు. తగలని గుళ్లు ఎక్కడికి పోతాయన్నది కూడా అడగాలి. తిరుపతి బస్టాండులోనో, చిత్తూరు గాంధీ రోడ్డులోనో, కూరగాయల మార్కెట్లోనో 9 ఎం.ఎం. గుండు గురి తప్పితే దాని దారిలో తప్పకుండా ఎవరో ఒకరుంటారు. మన దేశంలో 2016 నాటి ఆయుధాల నియమాలు భద్రతా శిక్షణ ఉండాలన్నాయి. అది తుపాకిని జాగ్రత్తగా పట్టుకోవడం నేర్పుతుంది. గుండె దడదడలాడుతూ చేతులు వణుకుతున్నప్పుడు కదిలే మనిషిని కొట్టడం కొద్ది రోజుల శిక్షణతో వచ్చేది కాదు. కొన్న రోజు నుంచి పది తూటాలు కూడా కాల్చకుండా తుపాకిని గుడ్డలో చుట్టి పెట్టుకున్నవాడికి అసలే రాదు.

ఆడవాళ్ల భద్రత పేరుతో జరిగిన ప్రచారం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అనే .32 రివాల్వరును మహిళల కోసమంటూ విడుదల చేసింది. బరువు అరకిలో, ధర 1,22,360 రూపాయలు. హ్యాండ్‌బ్యాగులో పట్టేలా చేశామన్నారు. శ్రీసిటీ కంపెనీల్లో రాత్రి షిఫ్టు చేసి బస్సు కోసం నిలబడే అమ్మాయికి అది ఎన్ని నెలల జీతమో లెక్క వేసుకుంటే చాలు, ఈ తుపాకి ఎవరి కోసమో తెలిసిపోతుంది. డబ్బు సంగతి పక్కన పెట్టినా, జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నది ఒకటే. అత్యాచారం కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లు. చుట్టం, పొరుగువాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు, పని ఇచ్చినవాడు. బ్యాగులోని తుపాకి మేనమామ వరసవాడి మీద తీయాలంటే ముందు ఆ ఇంట్లో ఆమె మాట నమ్మేవాళ్లు ఉండాలి. అలా నమ్మేవాళ్లుంటే చాలాసార్లు తుపాకి దాకా పోదు. భద్రమైన బస్సు, వెలిగే వీధి దీపం, ఫిర్యాదును వెనక్కి పంపని స్టేషన్ ఇవ్వాల్సిన ప్రభుత్వం వాటి బదులు ఒక ఖరీదైన వస్తువును అమ్మకానికి పెట్టి, నీ మానప్రాణాలు నువ్వే కాపాడుకో అంది. దాన్ని సాధికారత అనడం అన్యాయం.

ఇంట్లో తుపాకి పెట్టుకున్నాక ప్రమాదం ఇంట్లోకే వస్తుందన్నది ఇంకా చేదు నిజం. 1993లో అమెరికాలో కెల్లర్‌మన్ బృందం చేసిన అధ్యయనం, తుపాకి ఉన్న ఇళ్లలో హత్య జరిగే ప్రమాదం సుమారు 2.7 రెట్లు ఎక్కువని, ఆ అదనపు ప్రమాదం ప్రధానంగా ఇంటివాళ్ల నుంచి, దగ్గరి పరిచయస్తుల నుంచేనని చెప్పింది. 2020లో కాలిఫోర్నియా జనాభా మీద వచ్చిన మరో పెద్ద అధ్యయనం, చేతి తుపాకి ఉన్న మగవాళ్లు తుపాకితో ఆత్మహత్య చేసుకునే రేటు లేనివాళ్లకంటే దాదాపు ఎనిమిది రెట్లని, ఆడవాళ్లలో ముప్పై అయిదు రెట్లని తేల్చింది. అది అమెరికా, ఇది ఇండియా అనవచ్చు. దేశం మారినా కోపం, అప్పు, తాగుడు, నిరాశ మారవు. అప్పుల పాలైన వ్యాపారి బీరువాలో ఉన్న తుపాకి ఎవరి కోసం ఎదురుచూస్తుందో ఆలోచించాలి. పరుగెత్తుకొచ్చే శత్రువును ఆపడానికి చాలని ఆ 150 జౌళ్లు, కణతకు ఆనించినప్పుడు చాలినంత కంటే ఎక్కువ. బీరువా తాళం దొరికిన పిల్లవాడి చేతిలోనూ అంతే. చిన్న తుపాకి అన్న పేరే జనాన్ని మోసం చేస్తోంది. చిన్నది కదా అని జాగ్రత్త తగ్గిస్తారు, తుపాకి కదా అని ధైర్యం పెంచుకుంటారు.

పొలం గట్టున ఒంటరి ఇల్లున్న రైతు మాటేమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున బతికేవాళ్లకు ఏనుగుల భయం, పందుల బెడద నిత్యం ఉంటాయి. కానీ అక్కడ .32 పిస్టల్‌తో చేయగలిగింది ఏమీ లేదు. ఏనుగు మీద కాల్చడం వన్యప్రాణి చట్టం కింద నేరం మాత్రమే కాదు, గాయపడ్డ ఏనుగును ఊరి మీదికి తోలడం కూడా. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తర్వాత టీటీడీ భక్తులకు చేతికర్రలు పంచింది. ఆ కర్రల మీద చాలామంది విరుచుకుపడ్డారు. అవి ధైర్యానికి పనికొచ్చి ఉండవచ్చు. అసలు రక్షణ మాత్రం పిల్లలను మధ్యాహ్నం తర్వాత కాలినడకన పంపకపోవడంలో, జనాన్ని గుంపులుగా నడిపించడంలో, బోనులు పెట్టి చిరుతలను పట్టడంలో ఉంది. మనిషి చేతిలో ఏముందన్నదానికంటే దారిని ఎలా కాపాడుతున్నారన్నదే లెక్కలోకి వచ్చింది. అదే అలిపిరిలో 2003 అక్టోబరు 1న మందుపాతరలు పేలినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గాయాలతో బయటపడ్డారు. ఆయన చుట్టూ తుపాకులకు కొరత లేదు. ఆ రోజు వాటిలో ఒక్కదానికీ పని పడలేదు. కాపాడింది బులెట్‌ప్రూఫ్ కారు.

చివరిగా, నిజంగా ప్రాణానికి ముప్పున్న మనిషి ఏం చేయాలి? చేతులు కట్టుకుని కూర్చోమంటున్నావా అని నన్ను నిలదీయవచ్చు. చట్టం అతనికి ఆత్మరక్షణ హక్కునిచ్చింది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎదుటివాడి ప్రాణం తీయడాన్ని కూడా అవి నేరం అనవు. ఆ హక్కును నేను గౌరవిస్తాను. కానీ ఆ హక్కును తుపాకి లైసెన్సుగా కుదించేసి చేతులు దులుపుకుంటున్న యంత్రాంగాన్ని వదలకూడదు. ప్రాణభయం ఉందని ఒకరు దరఖాస్తు పెడితే, ఆ భయం ఎవరి వల్ల, ఎందుకు అని ఆరా తీసి అవతలివాడిని అదుపులో పెట్టడం పోలీసుల మొదటి పని. చాలా దస్త్రాల్లో ఆ ఆరా లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతుంది. ప్రజలు రోజూ వచ్చిపోయే కార్యాలయాల్లో, ముప్పున్న ప్రజాప్రతినిధి గదికి ముందు తనిఖీ ఉండాలి, రెండో దారి ఉండాలి. వీటికి అయ్యే ఖర్చు కొన్ని రివాల్వర్ల ఖరీదును మించదు. ఇక న్యాయం జరగడానికి పట్టే కాలం. చిత్తూరు మేయర్ దంపతుల హత్య కేసులో ఐదుగురికి మరణశిక్ష విధిస్తూ చిత్తూరు కోర్టు తీర్పు చెప్పింది 2025 అక్టోబరులో, అంటే హత్య జరిగిన దాదాపు పదేళ్లకు. పై కోర్టుల దశలు ఇంకా ఉండనే ఉన్నాయి. ఆ పదేళ్లూ సాక్షులు అదే ఊళ్లో, అదే వీధుల్లో తిరగాలి. భయపడి లైసెన్సు కోసం పరుగెత్తేవాళ్లలో ఇలాంటి సాక్షులూ, బాధిత కుటుంబాలూ ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే ఆమోదించి, అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలంది. దాని ప్రకారం ముప్పు అంచనా నివేదిక పోలీసులు ఇవ్వాలి, జిల్లా స్థాయి కమిటీ నిర్ణయం తీసుకోవాలి, ఇంటి దగ్గర కాపలా నుంచి చోటు మార్చడం దాకా ఏర్పాట్లు చేయాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఆ కమిటీల ముందుకు ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎంతమందికి రక్షణ ఇచ్చారు, ఎన్నాళ్లలో ఇచ్చారు అన్న లెక్కను ప్రజాప్రతినిధులు జిల్లా సమీక్షల్లో అడగాలి. తుపాకి కోసం సిఫారసు లేఖ రాసే ప్రతి ఎమ్మెల్యే ఆ లెక్క కోసం కూడా ఒక లేఖ రాయాలి.